మామకి పొగబెట్టిన ఆదివారం

గ్రిల్లు అంటే నాకు తెలిసింది ఒకటే, కిటికీకి బిగించేది. మద్రాసు అంబత్తూరులో వెల్డింగ్ షాపులో పని నాది. తామరపువ్వు డిజైను, నెమలి డిజైను, ఉదయించే సూర్యుడి డిజైను, ఏది కావాలంటే అది చేసిస్తా. ఏడో క్లాసులో లెక్కల అయ్యవారు నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఆయన బోర్డు మింద లెక్క చేస్తుంటే నేను కిటికీని చూసేవాణ్ణి. చూసి చూసి అదే నేర్చుకున్నా. బడి నాకిచ్చిన విద్య అదొక్కటే. అది వచ్చేసినాక ఇంక బడితో పనేముందని ఇంటికొచ్చేశా.

అందుకని మా అమ్మాయి ఒకరోజు అన్నం తింటా, "నైనా, నీకు గ్రిల్లు చెయ్యను వస్తుందా?" అని అడిగితే నాకు నిజంగా బాధేసింది. పుట్టినప్పట్నించి ఆ గ్రిల్లులతోనే కదా అన్నం తింటుండాది.

"ఏం సైజు? ఒంటి రెక్క కిటికీనా, రెండు రెక్కలదా?" అన్నా.

"అయ్యో, కిటికీకి కాదు నైనా. మటన్‌కి."

"మటన్‌కి గ్రిల్లు ఎందుకమ్మా? దూకి పారిపోతుందా?"

మా అమ్మాయి షోళింగనల్లూరులో కంప్యూటర్ ఆఫీసులో పని చేస్తుంది. పొద్దున కంపెనీ కారొచ్చి తీసుకపోతుంది, రాత్రి తెచ్చి దించుతుంది. వాళ్ళ టీంలీడరు ఇంట్లో విందుకని పోయొచ్చింది. ఆడ మిద్దె మింద ఇనప పెట్టె లాంటిది పెట్టి, దాంట్లో కట్టెలు మండించి, మంట తగలకుండా పొగతోనే మాంసాన్ని ఉడికించారంట. నాకు నమ్మకం కుదర్లేదు. అప్పుడు ఫోన్లో ఒక వీడియో చూపించింది. అందులో ఒక తెల్లాయన, బొజ్జ మింద గుడ్డ కట్టుకుని, రైలింజన్ లాంటి దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పొద్దున మాంసం లోపల పెట్టాడు. సాయంకాలం బయటికి తీశాడు. మధ్యలో ఏం చేశాడయ్యా అంటే, కూర్చున్నాడు. ఆ వంట నాకు చానా నచ్చింది.

ఆఖర్లో ఆయన ఎముక పట్టుకుని ఇట్టా లాగాడు. చొక్కా చేతిలోంచి చెయ్యి వచ్చినట్టు ఎముక ఒక్కటే జారి వచ్చేసింది. మాంసం ఆడే ఉండిపోయింది, వెన్నలాగా.

అప్పటిదాకా మాట్లాడకుండా చూస్తున్న నా భార్య, "ఇదైతే మా నాయన తింటాడు" అనింది.

ఈడ మా మామ సంగతి చెప్పాల. నా భార్యకి తండ్రి. మొన్నమొన్నటి దాకా సూళ్ళూరుపేటలో కొడుకింట్లో ఉండేవాడు. ఆ ఇంట్లో మొదట ఆయన చూసే టైముకి టీవీ ఆగిపోయింది. తర్వాత కాఫీ గ్లాసు చిన్నదయింది. తర్వాత మంచం మెట్ల కిందికి పోయింది. ఒకరోజు ఆయన గుడ్డసంచి భుజానికి తగిలించుకుని లోకల్ రైలెక్కి మా ఇంటికొచ్చేశాడు. "నోరు తెరిచి ఒక మాట అన్లేదు అల్లుడా. మెల్లమెల్లగా పొగబెట్టారు" అని ఒక్కసారే చెప్పాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మాది మేడ మింద వాటా. మిద్దెలో సగం మాది, మిగతా సగం ఓనరమ్మ బట్టలది. ఆ మిద్దె మింద రేకుల గది ఒకటుంటే దాన్ని మామకిచ్చాం. సంచి కింద పెట్టకముందే ఆయన నా చెయ్యి పట్టుకుని, "నేను నీకు బరువనిపించిన రోజు మొహాన చెప్పెయ్. నా సంచి తీసుకుని పోతా. పొగ మాత్రం పెట్టబాక" అన్నాడు.

"పెట్టను మామా. ప్రామిస్" అన్నా.

ఆ తర్వాత నా భార్య నన్ను వంటింట్లోకి పిలిచి, "ఏమయ్యా, నీ నోరు నాకు తెలుసు. మా నాయన మళ్ళీ ఆ సంచి భుజానికేసుకుంటే, దాని ఎనకాలే నా సంచీ పోతుంది. నీ జోకులు నువ్వే వండుకుని తిను" అనింది. ఆమె చెప్తే చెప్పినట్టే చేస్తుంది. నన్ను చేసుకుంటానని చెప్పి నిజంగానే చేసుకున్న మనిషి.

మామకి ఒకటే కష్టం, మటన్. పళ్ళన్నీ పోయి కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు. అవి ఆయన నోట్లో అద్దెకున్నట్టు ఉండేవి. మాట్లాడితే ఒక మాట ఆయనది, ఇంకో మాట పళ్ళది. ముక్క కొరికితే పళ్ళు ముక్కతోపాటు బయటికొచ్చేవి. అందుకని ఆదివారం పూట ముక్కలన్నీ కంచం అంచున పేర్చి, పులుసు మాత్రం జుర్రుకుని లేచిపోయేవాడు. ఒకప్పుడు నల్లి ఎముక కొరికితే పక్క వీధికి వినపడేదంట. బయటికి పోయేటప్పుడు, ఫోటో దిగేటప్పుడు తప్ప ఆ పళ్ళు గది కిటికీలో స్టీలు గిన్నెలో నీళ్ళలోనే ఉండేవి. పళ్ళు లేకుండా బయటి మనుషుల ముందు మాట్లాడ్డం ఆయనకి చచ్చేంత సిగ్గు.

సరే, మామకి చెప్పకుండా చేసి పెడదాం, ఆశ్చర్యపోతాడు అని ముగ్గురం అనుకున్నాం. ఆశ్చర్యపోయాడు, అందులో తప్పు లేదు.

శనివారం సాయంకాలం షాపులో నాతో పని చేసేవాడికి ఫోన్ చేశా. గ్రైండింగ్ మిషన్ పక్కన నిలబడి నిలబడి నాకు చెవులు మందం, అందుకని ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే. మిద్దె మింద నిలబడి మాట్లాడుతుండా. గోడకి అవతల మామ గది.

"రేపు మా మామకి పొగబెట్టాల. పెద్ద డ్రమ్ము ఒకటి కావాల" అన్నా.

"మామకి పొగబెట్టను డ్రమ్ము ఎందుకబ్బా? ఫ్యాను ఆపేస్తే చాల్దా?" అన్నాడు వాడు.

"ఫ్యానుతో అయ్యే పనా అది! పొద్దున్నించి సాయంకాలం దాకా విడవకుండా పెట్టాల. అప్పటిగ్గానీ మెత్తబడదు."

"అంత గట్టిదా?"

"ముదురుదిలే. ఎముక ఊడి చేతికి వచ్చేదాకా వదిలేది లేదు."

నేను చెప్పింది మటన్ తొడ గురించి. వాడు నవ్వాడు, నేనూ నవ్వా. గోడకి అవతల ఎవరూ నవ్వలేదని ఇప్పుడు తెలుస్తుండాది.

డ్రమ్ము వచ్చింది. అది అంతకుముందు కొబ్బరినూనె పోసిపెట్టిన డ్రమ్ము. లోపల కట్టె కాల్చి శుద్ధి చేశా. అయినా వాసన పోలేదు. నా భార్య చూసి, నూనె జిడ్డు దేనికి పోతుందో నాకు తెలీదా అని సీకాయ పొడి వేసి, కొబ్బరి పీచుతో రుద్ది, వేణ్ణీళ్ళు పోసింది. డ్రమ్ముకి తలంటు పోసిన ఇల్లు మద్రాసులో మాది ఒక్కటే అయ్యుంటుంది. నేను డ్రమ్ముకి పక్కన తలుపు కోశా, బందులు పెట్టా, గొళ్ళెం పెట్టా. తాళం వేసే రింగు కూడా పెట్టేశా. చెయ్యి అలవాటు, ఏం చేసేది. పైన పొగ పోయేదానికి ఒక వంకర గొట్టం అతికించా. లోపల మాంసం పెట్టే జల్లెడ కావాల కదా, ఓనరమ్మ ఇంటి కిటికీలకి చేసినప్పుడు మిగిలిన ముక్క ఒకటుంటే, రంగు పడనిది, అదే బిగించా. తామరపువ్వు డిజైను.

వీడియోలో ఆపిల్ కట్టెతో పొగబెట్టమన్నారు. కట్టెల అడితిలో పోయి ఆపిల్ కట్టె ఉందా అంటే, ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, పళ్ళ కొట్టు ఎదురుగా ఉంది పో అన్నాడు. చింతకట్టె తెచ్చా. సగం పచ్చి.

ఆదివారం పొద్దున మసాలా పట్టించిన తొడ లోపల పెట్టి, కింద కట్టె రాజేశా. పచ్చి చింతకట్టె, అడుగున కొబ్బరి చిప్పలు. ఇంక చూసుకో. పొగ అంటే పొగ కాదది, పరుపు. చేత్తో తోస్తే కదిలేట్టుంది. గాలి ఓనరమ్మ చీరలు ఆరేసిన వైపుకి పోతుంటే, ఎందుకొచ్చిన గొడవ అని గొట్టం మూతిని ఇటు తిప్పా. ఇటు అంటే మామ కిటికీ. నేను కిటికీలు చేసేవాణ్ణే, నాకే అది కనపడలేదు.

లోపల దగ్గు వినపడింది. మామ తలుపు దగ్గరికొచ్చి కళ్ళు తుడుచుకుంటా, "ఏందల్లుడా ఇది?" అన్నాడు.

"నీకోసరమే మామా! సాయంకాలానికి నీకే తెలుస్తాది" అన్నా, నవ్వుతా.

ఆయన కాసేపు నన్నే చూశాడు. "సరే" అన్నాడు. తలుపేసుకున్నాడు.

ఇంతలో మా అమ్మాయి ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చి, "నైనా, లోపల గిన్నెలో నీళ్ళు పెట్టాలంట! లేకుంటే మటన్ ఎండిపోయి చెప్పు మాదిరి అయిపోతుందంట" అనింది. నాకు కళ్ళలోంచి నీళ్ళు ధార. ఆ నీళ్ళే పట్టి పెడదామా అనిపించింది. కళ్ళు మూసుకునే చెయ్యి చాపితే కిటికీ అంచున చల్లగా ఏదో తగిలింది. స్టీలు గిన్నె. కదిపితే లోపల నీళ్ళు. దేవుడు నా పక్కనున్నాడు అనుకుని దాన్ని మాంసం కింద పెట్టి, తలుపు మూసి, గొళ్ళెం వేశా.

కింద మా ఓనరమ్మ పాపం, మొదట కార్పొరేషన్ వాళ్ళు దోమల మందు కొడుతున్నారనుకుని కిటికీలు మూసుకుందంట. పొగ తగ్గకపోయేసరికి భోగి గానీ మర్చిపోయానా అని క్యాలెండర్ చూసుకుందంట. చివరికి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మెట్ల మధ్యకొచ్చి నిలబడి, తమిళంలో పైకి అరిచింది.

"అదు ఎప్పో పోగుం?"

అది ఎప్పుడు పోతుంది అని. పొగ గురించి. నా భార్య పైనించి అంతే గట్టిగా సమాధానం చెప్పింది.

"సాయంగాలత్తుక్కుళ్ళ పోయిడుం అమ్మా!"

సాయంకాలం లోపల పోతుంది అని. మా మామకి తమిళం రాదు. కానీ ఈ మాటలకి తమిళం రావాల్సిన పని ఏముంది? ఆడ పోగ అంటే పోవడం, మనకి పొగ అంటే ఈ దిక్కుమాలిన పొగ. రెండింటికీ మధ్య ఒక దీర్ఘమే తేడా. ఆ దీర్ఘమంత సందులో మా మామ ఇరుక్కున్నాడు. శనివారం అల్లుడు ఫోన్లో చెప్పాడు, ఆదివారం పొద్దున కిటికీలోకి పొగ వచ్చింది, ఇంటి ఓనరు ఎప్పుడు పోతాడని అడిగింది, కన్నకూతురు సాయంకాలం పోతాడని మాటిచ్చింది. అదీ "అదు" అని! కొడుకింట్లో పొగబెట్టారంటే మాటవరసకి. ఈడ డ్రమ్ము తెచ్చి మరీ పెట్టారు.

మధ్యాహ్నం అన్నానికి రాలేదు. మటన్ కోసం కడుపు ఖాళీగా ఉంచుకున్నాడులే అనుకున్నాం. తర్వాత తెల్ల చొక్కా వేసుకుని మిద్దె మిందికి వచ్చాడు. "తాతా, సూపర్ దా! ఫంక్షన్‌కి రెడీ అయిపోయినావే!" అనింది మా అమ్మాయి. ఆయన కిటికీ అంచు తడిమాడు. బయటేసిన మంచం కింద వంగి చూశాడు. పూలకుండీ ఎత్తి చూశాడు. ఓనరమ్మ చీరల మధ్యలోంచి ఇట్టా దూరి అట్టా వచ్చాడు.

"ఏం ఎతుకుతుండావు మామా?" అన్నా.

నోరు గట్టిగా మూసుకుని తల అడ్డంగా ఊపాడు. పొగబెట్టినాక మేమూ ఆయనకి బయటి మనుషులమే కదా.

"చెప్పు మామా, నేనూ ఎతుకుతా."

మళ్ళీ తల ఊపాడు. నా పక్కకొచ్చి, పొగకి కళ్ళు చికిలించుకుని డ్రమ్ము చుట్టూ కూడా చూశాడు. వంట ఎట్టా అవుతుందో చూస్తుండాడని నాకు సంతోషమేసి, "అయిపోవచ్చింది మామా, ఇంకొంచెం సేపే. ఓర్చుకో" అన్నా.

ఆ మాటకి ఆయన మొహం ఎట్టా అయిందో నేను చూడలేదు. చూసుంటే ఈ కథ ఆడే తెగిపోయేది.

ఎండ దిగినాక గొళ్ళెం తీశా. ముగ్గురం వంగి చూశాం. మామ ఎనకాల నిలబడుండాడు. తొడ తారు డబ్బాలో ముంచి తీసినట్టు నల్లగా ఉంది. కిందివైపు తిప్పి చూస్తే మధ్యలో తామరపువ్వు, రేకులతో సహా, అచ్చు పడుంది. వాసన చూస్తే నోరూరింది. దాని కింద గిన్నె. గిన్నెలో నీళ్ళు అడుక్కి పోయినాయి. ఆ అడుగున, తేనె రంగులోకి తిరిగి, మా మామ పళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతుండాయి.

మా అమ్మాయి కెవ్వుమనింది. నేను మాత్రం, "ఇవి ఎప్పుడు లోపలికి పోయినాయి?" అన్నా, అవే నడుచుకుంటా పోయినట్టు.

నా భార్య పళ్ళని చూళ్ళేదు. ఎనక్కి తిరిగి వాళ్ళ నాయన్ని చూస్తుండాది. తెల్ల చొక్కా. భుజానికి గుడ్డసంచి.

"నాయనా, సంచి ఎందుకు?"

"నా పళ్ళు నాకిచ్చెయ్యండి. ఫోతా" అన్నాడు మామ. పళ్ళు లేని నోట్లో 'పో' అట్టా గాలిగా వచ్చింది. "పొద్దున్నే ఫోయేవాణ్ణి. ఇవి దొరక్క నిలబడిపోయినా. మొహాన చెప్పమన్నా కదల్లుడా. ఇంత డ్రమ్ము ఎందుకు?"

నాకు అప్పుడు ఒక్కొక్కటే వెలిగింది. ఫోను, ఫ్యాను, ఎముక ఊడేదాకా వదలననడం, ఓర్చుకో అనడం. వెలగడంతోపాటు నవ్వొచ్చింది. అదే నా ఖర్మ. ఆపుకుందామని పెదాలు కొరుక్కుంటే ముక్కులోంచి వచ్చింది.

నా భార్య గబగబా కిందికి పోయి, టి. నగర్‌లో చీర కొన్నప్పుడిచ్చిన పెద్ద సంచి తెచ్చింది. నా కళ్ళ ముందే తాడు మిందున్న తన బట్టలు లాగి లాగి అందులో కుక్కుతుండాది.

"ఏమే, నేను పొగబెట్టింది మటన్‌కే! నువ్వే కదా డ్రమ్ము కడిగింది!" అన్నా.

"కడిగినా. పొగ మా నాయన కిటికీలోకి పెట్టమన్నానా? నవ్వు. ఇంకా నవ్వు."

అప్పుడు మా అమ్మాయి మధ్యలోకొచ్చి, "అయ్యో, రెండు నిమిషం అందరూ గమ్మునుండండి!" అని అరిచి, తాతని మంచం మింద కూర్చోబెట్టి, ఆ వీడియో చేతికిచ్చింది. మామ ఫోన్ దూరంగా పట్టుకుని మొదట్నించి చివరిదాకా చూశాడు. మేం నిలబడుండాం. నా భార్య చేతిలో సగం నిండిన సంచి.

"ఈయన ఎవురికి పొగబెడుతుండాడు?" అన్నాడు మామ.

"మటన్‌కే తాతా. పళ్ళు లేనోళ్ళు కూడా తినేంత మెత్తగా అవుతుంది. నీ కోసరమే నైనాకి చెప్పినాం."

"ఆయన మామ ఆడెక్కడైనా ఉండాడా?"

"లేడు తాతా."

మామ ఇంకోసారి చూశాడు, నమ్మకం కోసం.

నేను ఎముక పట్టుకున్నా. ఆ తెల్లాయన లాగినట్టు ఒక్క లాగుడికి వస్తే నా సంసారం నిలబడుతుంది. లాగా. రాలేదు. ఇంకోసారి లాగా. డ్రమ్ము నా ఎంట వచ్చింది. మా అమ్మాయి డ్రమ్ముని పట్టుకుంటే, నేను కాలు తన్నిపెట్టి లాగా. అప్పుడు సర్రున జారి వచ్చింది, నేను ఎముకతో సహా పోయి ఓనరమ్మ చీరల్లో పడ్డా. పైన మాడిన తోలు అట్టలాగా ఉంది గానీ, లోపల మాత్రం నిజంగానే వెన్న.

చిన్న ముక్క తుంచి మామ చేతికిచ్చా. ఆయన నన్ను చూశాడు, ముక్కని చూశాడు, నోట్లో వేసుకున్నాడు. ఉత్త చిగుళ్ళతో మెల్లగా అటు ఇటు తిప్పాడు. మా ముగ్గురి దవడలు కూడా ఆయనతోపాటు కదులుతుండాయి. గొంతు దిగింది. ఇంకో ముక్క తనే తుంచుకున్నాడు. అదీ దిగింది. మూడో ముక్కకి భుజాన ఉన్న సంచి అడ్డమొస్తే, తీసి మంచం మింద పెట్టాడు.

"కొబ్బరినూనె వాసన వస్తుండాది" అన్నాడు.

"సీకాయ కూడా" అనింది మా అమ్మాయి.

"తలంటు పోసుకునుంటుంది మేక" అన్నా నేను.

నా భార్య నవ్వలేదు. కానీ సంచిలోంచి ఒక చీర తీసి తాడు మింద వేసింది. తర్వాత ఇంకోటి.

పొగ పోయిందా లేదా చూడను ఓనరమ్మ పైకొచ్చింది. మాంసం మింద తామరపువ్వు చూసి ఆగిపోయింది. ఇది మా ఇంటి కిటికీ కదా, దీని మిందికి ఎట్టా వచ్చింది అని తమిళంలో అడిగింది. ఏం చెప్తాం, కొంచెం ఆకులో పెట్టి ఇచ్చాం. వాసన చూసుకుంటా దిగి పోయింది.

పళ్ళు కడిగి మామకిచ్చా. పైవరస ఎట్టో లోపలికి పోయింది. కిందివరస వంకర పోయింది, ఎన్ని విధాల చూసినా నోటికి ఒప్పుకోలేదు. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, "ఇంక సూళ్ళూరుపేట పోయే దారి లేదు. బోసినోరు ఏసుకుని ఆ కోడలి ముందు నిలబడతానా!" అన్నాడు.

"పోవద్దులే నాయనా" అనింది నా భార్య. ఖాళీ సంచి మడిచి పక్కన పెట్టింది.

ఎముక చివర అంటుకుని ఇంకా ఉడకాల్సిన ముక్క ఒకటి మిగిలింది. దాన్ని మళ్ళీ లోపల పెట్టా. మామ మంచం మిందనించి లేచి, కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి, అచ్చం ఆ వీడియోలో ఆయన మాదిరి డ్రమ్ము పక్కన వేసుకుని కూర్చున్నాడు. చేతులు బొజ్జ మింద పెట్టుకున్నాడు. కాసేపు అయినాక తలుపు సందులోంచి చూసి, "అల్లుడా, పొగ తగ్గిపోయింది. పెట్టు" అన్నాడు.

నేను కట్టె చేత్తో పట్టుకుని ముందు నా భార్య మొహం చూశా.

"ఆయనే పెట్టమంటుండాడు కదా, పెట్టు" అనింది.

పెట్టా. పొగ లేచింది. మామ కొంచెం దగ్గి, కుర్చీలో సర్దుకుని, గొట్టం వైపు చెయ్యి చూపించాడు.

"దీని మూతి మాత్రం ఓనరమ్మ చీరల మిందికి తిప్పు."